జాము దాటిన జామీను

పొద్దున్నే గోడమీది రోజు కేలండర్‌లోంచి నిన్నటి కాగితాన్ని చింపితే పర్రుమని ఒక చప్పుడు వస్తుంది. వెనకాలే చవక కాగితం వాసన, జిగురు వాసన. ఇవాళ చింపగానే అడుగునుంచి శుక్రవారం బయటపడింది. పెద్ద అంకె కింద చిన్న అక్షరాల్లో: రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. ఆ ఒక్క పంక్తికి నేను ఇప్పటికీ మొహం చూపించలేను. ఎందుకంటే ఒక పెద్దమనిషిని మూడు రోజులు అదనంగా జైల్లో ఉంచిన ఘనత నాది. పోలీసులకు గానీ, కోర్టుకు గానీ, ఆయనమీద ఫిర్యాదు ఇచ్చిన వాళ్ళకు గానీ అందులో వాటా లేదు. పూర్తిగా నా స్వార్జితం.

ఆ పెద్దమనిషి కన్నయ్య మామ. వరసకు నాకు ఏమీ కారు. పురసవాక్కంలో మేము మేడమీద, వాళ్ళు కింద. ఆ మెట్ల వరసే మా వరస. సౌకార్‌పేటలో ఆయనకు ఎవర్‌సిల్వర్ పాత్రల హోల్‌సేల్ అంగడి ఉండేది. స్టెయిన్‌లెస్ స్టీలును మద్రాసులో ఎవర్‌సిల్వర్ అంటారు కదా, చిన్నప్పుడు ఆయన్ని "ఎవరి సిల్వర్ మామా?" అని అడిగి మొట్టికాయ తిన్నాను. బీకాం గట్టెక్కి, ఉద్యోగం దొరక్క మేడమీద అటూ ఇటూ తిరుగుతున్న రోజుల్లో ఆయనే ఒకసారి కిందనుంచి కేకేశారు. "ఏమ్రా, ఆ మేడ అరిగిపోతా ఉంది. దిగొచ్చి అంగట్లో కూచో." అలా లెక్కలు రాసేవాడిగా చేరాను. బజారులో నేను అందరి లెక్కలూ రాసేవాణ్ణి, నన్ను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కాదు.

మామకు ఒక నియమం ఉండేది. రాహుకాలంలో కొత్త పని మొదలుపెట్టకూడదు. బోణీ చేయరు, మూట కట్టరు, కొత్త ఆర్డరుకు ఊఁ అనరు. "అప్పుడు మొదలుపెట్టిన పని సగంలో కూలబడుతుందిరా" అనేవారు. అంగడి మూయరు గానీ చేతులు ముడుచుకుంటారు. మజ్జిగ తెప్పిస్తారు, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంటారు. పాత్ర అంచును గోటితో మీటి మందం ఎలా కనిపెట్టాలో, అబద్ధం చెప్పే కొనుగోలుదారు ఏ చేత్తో మెడ గోక్కుంటాడో, కోపం వచ్చినప్పుడు జవాబు ఇచ్చేముందు ఎందుకు నీళ్ళు తాగాలో, అన్నీ ఆ ముడుచుకున్న చేతుల వేళల్లోనే చెప్పారు. కాలేజీలో నాకు పట్టా ఇచ్చారు. చదువు మాత్రం రాహుకాలంలో అయింది.

ఆ నీళ్ళు తాగే పాఠాన్ని ఆయన ఒకే ఒక్కసారి మరిచిపోయారు. మా సరుకు బండి పక్కంగడి ముందు ఆగింది. పక్కంగడాయన తియ్యమన్నాడు, మామ దించుతున్నామన్నారు, మాట మాట పెరిగింది, ఒకరినొకరు తోసుకున్నారు. మధ్యలో నిలువెత్తు పేర్చి ఉన్న అండాలు ఇద్దరినీ చూసి జడుసుకున్నట్టు ఒక్కసారిగా జారాయి. కల్యాణమండపాల్లో రసం కాచే అండాలవి. ఒకటి పక్కంగడాయన మోచేతిమీద పడింది. ఎముక విరిగింది. సాయంత్రానికి ఫిర్యాదు, ఆ వెంటనే మామ స్టేషన్లో.

మర్నాడు పొద్దున ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని స్టేషన్‌కు వెళ్ళాను. అక్కడి కానిస్టేబుల్ ఫ్లాస్కు వైపు జాలిగా చూసి, మామను మెజిస్ట్రేటు ముందు పెట్టడమూ, రిమాండ్ వేయడమూ, జైలుకు పంపడమూ అయిపోయాయన్నాడు. ఏ జైలు అని అడగాలని కూడా నాకు తోచలేదు. ధన్యవాదాలు చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చాక రాజమ్మత్త, అంటే మామ భార్య, "ఏ జైల్లో పెట్టినారు నాయనా?" అని అడిగితే నేను కాఫీ ఇంకా వేడిగానే ఉందన్నాను.

వకీలమ్మ మా వీధి చివర ఉండేవారు. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. ఆవిడ నాలుగు ఫోన్లు చేసి ఏ జైలో కనుక్కున్నారు. బెయిలు పిటిషన్ వేశాను, వారం లోపల రావచ్చు, ఈలోపు వెళ్ళి ఒకసారి చూసి రండి అన్నారు. ఎలా వెళ్ళాలో అడగడం నాకు నామోషీ అనిపించింది. చూసి రావడానికి చదువెందుకు అనుకున్నాను. రాజమ్మత్త కారియర్ నిండా సర్దింది. పై గిన్నెలో వడలు, మధ్యలో కారకొళంబు పులుసు కలిపిన అన్నం, అడుగున పెరుగన్నం. సంచిలో పంచె, తువ్వాలు, ఆయన షుగరు మాత్రలు.

గేటు దగ్గర పోలీసు మొదట అడిగింది ఆధార్. తేలేదు. నేను నేనేనని నిరూపించడానికి ఆ పూట నా దగ్గర నేను తప్ప ఇంకేమీ లేదు. బస్సెక్కి పురసవాక్కం వచ్చి, కార్డు తీసుకుని, మళ్ళీ బస్సెక్కి వెళ్ళాను. ఈసారి మను రాయమన్నాడు. లోపలి మనిషిని చూడడానికి పెట్టుకునే అర్జీని అక్కడ మను అంటారు. అందులో ఎవరిని చూడాలి, తండ్రి పేరేమిటి, నీకు ఏమవుతాడు అని గళ్ళు. మామ అని రాశాను. "సొంత మామనా?" అన్నాడు. కాదన్నాను. "అప్పుడు ఏమవుతాడు?" అంటే ఆలోచించి, "కింది వాటా" అన్నాను. పోలీసుకు నవ్వొచ్చింది. అదే నన్ను గట్టెక్కించింది. "స్నేహితుడు అని రాయండి సార్" అని తనే కలం చూపించాడు. ఫోను బయట పెట్టాలి, బెల్టు తీసేయాలి. కారియర్ మూత తీసి వాసన చూసి, "ఇంటి సాప్పాడు లోపలికి పోదు సార్" అని మూత పెట్టేశాడు. పంచె, తువ్వాలు తీసుకున్నారు. మాత్రలు మాత్రం డాక్టరు చీటీ లేనిదే తీసుకోం అన్నారు.

ములాఖత్ గది అంటే ఒక పొడుగాటి వసారా. మధ్యలో జల్లెడలాంటి ఇనుప వల, కాస్త ఎడంగా ఇంకో వల. ఈవల మేము, ఆవల వాళ్ళు. అందరూ ఒకేసారి అరుస్తారు కాబట్టి ఎవరి మాటా ఎవరికీ వినబడదు, వినబడదు కాబట్టి ఇంకా అరుస్తారు. కన్నయ్య మామ ఆవలి వల దగ్గరికి వచ్చారు. ఒక్క రోజులో గడ్డం తెల్లగా మొలిచింది. నేను వలను పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాను.

"ఆపరా. ముందు పని మాట, ఏడుపు తరవాత. ఈడ గంట కొట్టేస్తారు" అని అరిచారు. "రెండు సంగతులు విను. నా మాత్రల చీటీ బీరువా పై అరలో ఉండాది. అది తెచ్చి ఈడి డాక్టరుకి ఇయ్యమని చెప్పు. రెండోది, వచ్చే శనివారం మా నాయన తద్దినం. దానికి ముందర నన్ను బయటికి తియ్యాల. ఇంకేం అడగను నిన్ను."

తద్దినం సంగతి నాకు తెలుసు. మామ వాళ్ళ నాయన ఆ అంగడిని తోపుడు బండిమీద మొదలుపెట్టిన మనిషి. మామ జ్వరంతో ఉన్నా, ఊరు వానల్లో మునిగినా, ఆ రోజు మేడమీద కాకికి ముద్ద పెట్టకుండా ఉన్నది లేదు. శనివారం లోపల, అలాగే అన్నాను. తర్వాత నా తెలివి కొద్దీ, "మామా, ఆ రోజు మీరు తోశారా, ఆయనే..." అని కేసు ఎత్తాను. తెలుగులో మాట్లాడితే ఎవరికీ అర్థం కాదనుకున్నాను. అటుపక్కన ఇద్దరు అన్నదమ్ములు నెల్లూరు యాసలో పొలం గట్టు గురించి అరుచుకుంటున్నారు.

"నోరు ముయ్యి! కేసు మాటలు వకీలమ్మతోనే. ఈ వలకి ఎన్ని చిల్లులుండాయో అన్ని చెవులు ఉండాయి" అన్నారు మామ. తర్వాత గొంతు కాస్త తగ్గించి, "పక్కంగడాయన చెయ్యి ఎట్టుంది?" అని అడిగారు. కట్టు కట్టారని చెప్పాను. "పాపం, కుడి చెయ్యి" అన్నారు. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. "రేయ్, ఈడ ప్రతి ఒక్కడి దగ్గరా వాడి ఏడుపు వాడికి ఉండాది. బయటినుంచి ఇంకొంచెం తేవద్దు. నాకు బజారు తీసుకురా."

ఆ మాట నాకు ఇంటికి వచ్చాక అర్థమైంది. రెండోసారి వెళ్ళినప్పుడు ఆధార్ ఉంది, మాత్రల చీటీ ఉంది, బెల్టు ఇంట్లోనే ఉంది. వల దగ్గర నిలబడి ఆయనకు బజారును అందించాను. మూల మీది జ్యూసు అంగడివాడు కొత్త మిక్సీ కొన్నాడని, దాని మోతకు మార్వాడీ సేట్ వినికిడి మిషను తీసి జేబులో పెట్టుకుంటున్నాడని చెప్పాను. మన ఇడ్లీ కుక్కర్లు ఒకాయన తిరిగి పంపాడని, తీరా చూస్తే అవి వేరే అంగడివని చెప్పాను. మామ వలకు నుదురు ఆనించి నవ్వారు. ఆయన పక్కన ఎవరూ రాక నిలబడ్డ ఒక ముసలాయన కూడా నవ్వాడు. ఆయన అరవాయన, ఒక్క ముక్క అర్థమై ఉండదు.

"సెరి, నేను ఏడికి పోయినానని చెప్పినారు అంగట్లో?" అని అడిగారు మామ.

"తిరుపతి అని అత్త చెప్పమంది."

"తిరుపతా? అయితే లడ్డు అడుగుతారే, ఏమిస్తావు? గుండు ఏదని అడుగుతారే, ఎవరి గుండు చూపిస్తావు?"

నా చెయ్యి దానంతట అదే నా జుట్టుమీదికి పోయింది. ఆయన తల ఊపారు. "జైలు అనే చెప్పండి. తోసుకున్నాం, దెబ్బ తగిలింది, లోపలుండాను. దాంట్లో దాచేదేముంది? వెంకన్నని ఎందుకు లాగుతారు మధ్యలో?" గంట కొట్టారు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "శనివారం" అని మాత్రం అన్నారు.

గురువారం బెయిలు వచ్చింది. వకీలమ్మ ఫోన్ చేసి విడమరిచి చెప్పారు. ఉత్తరువు వచ్చినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. జామీను ఉండే ఇద్దరు కోర్టుకు వచ్చి, తమ కాగితాలు చూపించి, మెజిస్ట్రేటు ముందు సంతకాలు పెట్టాలి. అప్పుడు విడుదల కాగితం జైలుకు పోతుంది. అది సాయంత్రం లోపలివాళ్ళను గదుల్లో పెట్టి తాళం వేయకముందే అందాలి. "శుక్రవారం పదిన్నరకల్లా ఇద్దర్నీ తీసుకుని లోపలికి వచ్చేయండి. నేను కోర్టు హాల్లోనే ఉంటాను, ఫోను ఆపేసి ఉంటుంది. మధ్యాహ్నం నుంచి మెజిస్ట్రేటుగారు సెలవు, మర్నాడు రెండో శనివారం. ఏవండీ, వింటున్నారా?" విన్నాను. ప్రతి అక్షరం విన్నాను.

జామీనుకు బజారులో ఇద్దరు పెద్ద వ్యాపారులు తమంతట తామే ముందుకొచ్చారు. ఒకాయనది తాళ్ళ అంగడి, ఒకాయనది పసుపు కుంకుమ. ముగ్గురం పదింబావుకే కోర్టు వాకిట్లో ఉన్నాం. గేటు దాటబోతూ పసుపాయన వాచీ చూసుకుని ఆగాడు. "ఇప్పుడు మొదలుపెడితే సంతకం సరిగ్గా రాహుకాలంలో పడుతుందే" అన్నాడు. తాళ్ళాయన, "కన్నయ్య ఉంటే ఒప్పుకోడు" అన్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు. మామ శిష్యుణ్ణి నేను. ఆయన చెప్పిన మాట చెవిలో మోగింది. ఆ వేళ మొదలుపెట్టిన పని సగంలో కూలబడుతుంది. ఆయన విడుదలే సగంలో కూలబడితే? "పన్నెండు దాటాక వెళదాం" అన్నాను. అన్నది నేనే. ముగ్గురం ఎదురుగా మజ్జిగ అంగడి దగ్గర నిలబడ్డాం. మూడు చేతులకూ వాచీలున్నాయి. మూడు తలల్లో దేంట్లోనూ బుర్ర లేదు.

పన్నెండు దాటగానే కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళాం. వకీలమ్మ మెట్లమీద ఎదురొచ్చారు. "ఎక్కడికి పోయారండీ? మూడుసార్లు పిలిచారు! ఇప్పుడే లేచి వెళ్ళిపోయారాయన." నేను సంగతి చెప్పాను. ఆవిడ చేతిలోని ఫైలు మూసి, "నేను ఈ కోర్టులో ఇన్నేళ్ళ నుంచి ఉన్నానండీ. జడ్జిగారు రాలేదని వాయిదా పడ్డం చూశాను, సాక్షి రాలేదని పడ్డం చూశాను. రాహువు వచ్చాడని పడ్డం ఇదే" అన్నారు. ఇక సోమవారం దాకా ఏమీ చేయలేమని కూడా అన్నారు. జాము దాటాక జామీను పనికిరాదని ఆ మెట్లమీద నాకు తెలిసింది.

శనివారం రాజమ్మత్త వంట చేసింది గానీ మేడమీదికి ఎవరూ వెళ్ళలేదు. పెట్టాల్సిన చెయ్యి ఊళ్ళోనే ఉంది, ఇంట్లో లేదు. నేను మా వాటాలో తలుపేసుకుని కూర్చున్నాను. కింద వాకిట్లో కాకులు అరుస్తుంటే ఒక్కొక్కటీ నన్ను పేరు పెట్టి పిలుస్తున్నట్టుగా ఉంది.

సోమవారం, రాహుకాలం పొద్దున్నే ఏడున్నరకు మొదలవుతుందని తెలిసి మరీ ఆ వేళకే ఇంట్లోంచి బయలుదేరాను. సంతకాలు అయ్యాయి, కాగితం వేళకు అందింది. గేటు చిన్న తలుపులోంచి మామ వంగి బయటికి వచ్చారు. ఆటోలో కూర్చున్నాక అడిగారు. "ఎందుకురా ఆలస్యమైంది? బెయిలు గురువారమే వచ్చిందంట గదా." చెప్పాను. పసుపాయనమీదా తాళ్ళాయనమీదా తోయకుండా, పన్నెండు దాకా ఆగుదామన్నది నేనేనని చెప్పాను. ఆయన మొహం బయటికి తిప్పుకున్నారు, ఆటో ఒక వంతెన ఎక్కి దిగింది. ఆ వంతెన ఎప్పుడూ అంత పొడుగు లేదు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి చూసేంతగా నవ్వారు.

"నేర్పిందెవరు? నేనే గదా! రేయ్, రాహుకాలం అంగడికిరా. కూజా అమ్మేదానికి, మూట కట్టేదానికి. మనిషిని బయటికి తెచ్చేదానికి ఏ కాలమైనా మంచి కాలమే. ఈ ముక్క చెప్పకుండా వదిలేసినా చూడు, నాకు కావాల్సిందే."

"తద్దినం పోయింది మామా" అన్నాను.

"పోలేదు" అన్నారు ఆయన. ఇక నవ్వు లేదు. "శనివారం పొద్దున పొంగల్ పెట్టినారు. నా పళ్ళెంలోనిది ఒక ముద్ద తీసి, నాయనా అని తలచుకుని గోడమీద పెట్టినా. ఈడి కాకులకి భయం లేదు, భుజంమీద వాలేటట్టు వచ్చినాయి. మా నాయన సౌకార్‌పేట దాటి ఏడికీ పోయిన మనిషి కాదు. నాకోసం జైలు దాకా వచ్చినాడురా." తువ్వాలుతో మొహం తుడుచుకుని మళ్ళీ అన్నారు. "నేను పెట్టడం చూసి పక్కన ఆ ముసలాయన కూడా ఒక ముద్ద పెట్టినాడు. ఆమె పోయినప్పటినుంచి పెట్టేదానికి కుదర్లేదంట. ఆమె ఎవరో నేను అడగలేదు."

మర్నాడు మామ అంగడికి వస్తూనే మొదట పక్కంగడికి వెళ్ళి, కట్టు ఉన్న చెయ్యి చూసి, దాని పక్కనే కూర్చుని కాఫీ తాగారు. ఆ తర్వాత కేసు సామరస్యంగా ముగిసింది. నా కేసు మాత్రం ముగియలేదు. ఆ రోజునుంచి నా పేరు రాహుకాలం. బజారు నడిమధ్యన, కొనడానికి వచ్చినవాళ్ళ ముందు, చివరికి నాకు పిల్లనిచ్చిన మామగారి ముందు కూడా, "ఏమ్రా రాహుకాలం, వచ్చినావా?" అనేవారు. నేను ఆడిటరునై సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాక కూడా అదే పిలుపు. రాహుకాలంలో చేతులు ముడుచుకోవడం కూడా ఆయన మానలేదు. మజ్జిగ తెప్పించి, "రారా, నీ కాలం వచ్చింది, కూచో" అనేవారు. ఆయన చెప్పుకున్న కథల్లో నాకు ఎప్పుడూ విదూషకుడి వేషమే. గట్టిగా ఒక్క మాట తిరిగి అనలేదు నేను. పెద్దవారు, పైగా నేరం రుజువైంది.

ఈమధ్య మా అపార్టుమెంటులో కరీంనగర్ నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి తమ్ముడు బండి గుద్దిన కేసులో లోపలికి పోతే, ఆ అబ్బాయి చేతిలో బిర్యానీ పొట్లంతో నా తలుపు కొట్టాడు. "అన్నా, జైలుకు ఎట్ల పోవాలె?" ఆ పొట్లాన్ని చూడగానే నా కారియర్ గుర్తొచ్చింది. బిర్యానీ మనం తిందాం, ఆధార్ తెచ్చుకో అన్నాను. తమ్ముడు మందులేమైనా వాడతాడా, చీటీ ఉందా అని అడిగాను. ముందు పని మాట, కేసు సంగతి ఎత్తకు, ఏడవకు, మీ వీధి కబుర్లు పట్టుకెళ్ళు అన్నాను. బెయిలు రాగానే జామీనుదార్లను కోర్టు తెరవకముందే మెట్లమీద నిలబెట్టమన్నాను. "రాహుకాలంల అయితే?" అని వాళ్ళ అమ్మ ఫోన్లో అడిగిందట. ఆ అబ్బాయి ఫోను నాకిచ్చాడు. "అమ్మా, అది అంగడికి" అన్నాను. గొంతు నాదే. మాట మాత్రం నాది కాదు.

మామ పోయి ఏడాది దాటింది. మొన్న మొదటి సంవత్సరీకం. పురసవాక్కంలో అదే ఇల్లు, అదే మేడ. శుక్రవారం పడింది. విదేశం నుంచి వచ్చిన ఆయన కొడుకు అరిటాకులో ముద్ద పెట్టి, చప్పట్లు కొట్టి కాకిని పిలిచాడు. ఒక కాకి నీళ్ళ ట్యాంకుమీద కూర్చుని ఉంది. తల ఒకసారి ఇటు వంచింది, ఒకసారి అటు వంచింది, దిగలేదు. ఎండ పెరుగుతోంది. బంధువుల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఏదో కోరిక తీరలేదని ఒకరు, ఏదో లోటు జరిగిందని ఒకరు. రాజమ్మత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "వడలు కూడా చేసినా గదా నాయనా. ఎందుకు ముట్టడంలేదు ఆయన?"

నేను వాచీ చూశాను. "ఇంకా పన్నెండు కాలేదత్తా" అన్నాను.

అత్తకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరం పిట్టగోడ నీడలో కూర్చున్నాం. పన్నెండు దాటి ఇంకాసేపయ్యాక, ఎవరూ చూడకుండా ఉన్నప్పుడు, ట్యాంకుమీదనుంచి రెక్కల చప్పుడు వినబడింది. కాకి ఆకు పక్కన దిగింది. ముద్ద వదిలేసి ముందు వడ అందుకుంది.

నేను లేచి రెండడుగులు ముందుకు వేశాను. జీవితంలో ఎప్పుడూ ఆయన్ని మీరు అని తప్ప పిలవనివాణ్ణి, మేడమీద అందరూ వినేలా గొంతెత్తి అడిగాను.

"ఏమ్రా రాహుకాలం, వచ్చినావా?"